చన్నీళ్ళు

ఆగస్టు 4

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి ఇవాళ జంటలు వేశారు. నా పేరు పక్కన చన్నీళ్ళ పేరు చదవగానే క్లాసంతా నావైపు తిరిగి చూసింది. మెడికల్ ఇంజినీరింగ్‌లో చేరిన దగ్గర్నుంచీ చన్నీళ్ళు చెయ్యి పెట్టిన సర్క్యూట్ బోర్డు ఏదీ మొరాయించింది లేదు. అందరూ నన్ను అదృష్టవంతురాలివన్నారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం కడుపు మండింది. మార్కులు ఇద్దరికీ వస్తాయి, పేరు తనకే వస్తుంది. ఈ డైరీలో కూడా అబద్ధాలు రాసుకుంటే ఇక నిజం ఎక్కడ రాయను?

చన్నీళ్ళు అని పేరు పెట్టింది నేనే. మొదటి ఏడాది క్లాసు మధ్యలో హఠాత్తుగా లేచి, వరండా చివరి కొళాయి దగ్గరికి పోయి, ముఖం మీద దోసిళ్ళతో నీళ్ళు కొట్టుకుని, గడ్డం నుంచి నీళ్ళు కారుతుండగానే వచ్చి కూర్చునేది. ఇప్పటికీ అంతే. నిద్ర మత్తు. లెక్కల క్లాసులో నిద్ర రావడంలో వింతేముంది? ఒకసారి నేను వెనక బెంచీ నుంచి "దారివ్వండి, చన్నీళ్ళొస్తున్నాయి" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు, పేరు అతుక్కుపోయింది. తను కూడా తన పనిముట్ల డబ్బా మీద అదే పేరు రాసుకుంది. కోపం రాదు. నాకు అది ఇంకా మంట.

ఆగస్టు 12

ప్రొఫెసర్ మేడమ్ మాకిచ్చిన పని జేబులో పట్టే ఈసీజీ. గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే చిన్న కరెంటుని పట్టుకుని తెర మీద గీతగా చూపించాలి. డాక్టరు అందుబాటులో లేని చోట వాడడానికి. బోర్డు చన్నీళ్ళది, ప్రోగ్రాం నాది.

మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. మెషిన్ తయారుచేసినవాళ్ళే ముందు తగిలించుకోవాలి. మీ ఒంటికి పెట్టుకోవడానికి భయపడే మెషిన్ని ఇంకొకళ్ళ ఒంటికి పెట్టే హక్కు మీకు లేదని మేడమ్ మొదటి రోజే చెప్పారు. బోర్డు తనది కాబట్టి ఎలక్ట్రోడ్లు కూడా తనకే. రెండు మణికట్లకీ చెరొకటి, కాలి చీలమండ దగ్గర ఇంకొకటి. నేను హాయిగా కుర్చీలో కూర్చుని తెర చూడొచ్చు.

పరీక్షించే మనిషిని మధ్యలో మార్చకూడదని కూడా తేల్చాం. మనిషి మారితే గీత మారుతుంది, ఆ మార్పు బోర్డు వల్లో మనిషి వల్లో ఇక తెలియదు. ఈ తెలివైన మాట నాదే. తను "భలే చెప్పావే" అంది. ఏడాదికోసారి దొరికే మెప్పు కదా, రాసి పెట్టుకుంటున్నాను.

ఆగస్టు 23

ఇవాళ నా పని పక్కన పడేసి తను సోల్డరింగ్ చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. జుట్టు పైకి కట్టేసి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, బోర్డు మీదకి వంగుతుంది. కాల్చిన మొన ఒక్క క్షణం ఆనిస్తుంది, తీగ ముట్టిస్తుంది, తీసేస్తుంది. అంతే. ప్రతి అతుకూ చిన్నగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. నేను అతికితే ఉండలు కట్టిన పిండిలా ఉంటుంది. నిన్న నేను అతికిన నాలుగింటినీ ఇవాళ చూస్తే ఎవరో శుభ్రంగా మళ్ళీ అతికారు. అడిగితే "మొన బాలేదే, నీ తప్పు కాదు" అంది.

పక్క జంట బోర్డు కాలిపోతే తన సామానులోంచి విడిభాగాలు తీసిచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది, వాళ్ళతో మాకు పోటీ అని కూడా చూడకుండా. నేను రుసరుసలాడాను. "వాళ్ళదీ గుండె గీతే కదా" అంది. ఇదేం మనిషి, దీన్ని ద్వేషించడం కూడా కుదరడం లేదు. ఇలాంటి చేతులు నాకు లేవు, ఇక రావు. వాటి పక్కన కూర్చునే అవకాశం వచ్చింది, అంతవరకు నిజంగానే అదృష్టవంతురాలిని.

సెప్టెంబర్ 5

గీత వచ్చింది! మొదటిసారి స్విచ్ వేయగానే వచ్చింది. తెర మీద చన్నీళ్ళ గుండె.

ఒక చిన్న లోపం ఉంది. పుస్తకంలో బొమ్మ ప్రకారం ముందు చిన్న బుడిపె, కాస్త ఖాళీ, తర్వాత నిటారుగా లేచే పెద్ద శిఖరం. మా గీతలో కొన్ని బీట్లు సరిగ్గా అలాగే ఉన్నాయి. కొన్నింటిలో మాత్రం ఆ ఖాళీ లేదు. శిఖరం నిటారుగా లేవకుండా ముందు ఏటవాలుగా పాకి, తర్వాత లేస్తోంది. తను తెర దగ్గరికొచ్చి చూసి, ఎక్కడో నా బోర్డు మందకొడిగా ఉందే అంది. బోర్డు తప్పు అని తన నోట వినడం ఇదే మొదలు. కాస్త సంతోషం వేసింది. కాస్తే.

సెప్టెంబర్ 14

ఏటవాలు పోలేదు. బోర్డు మీది కెపాసిటర్లు మార్చింది. పోలేదు.

సెప్టెంబర్ 22

బోర్డు మొత్తం విప్పేసి మళ్ళీ మొదట్నుంచి కట్టింది. కొత్త వైర్లు, కొత్త బ్యాటరీ. ఏటవాలు అక్కడే ఉంది. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. "ఎక్కడో నా చెయ్యే తప్పిందే" అంటుంది. భోజనానికి కూడా పిలిస్తేనే వస్తుంది.

లిఫ్టు పాడైంది, ల్యాబ్ మూడో అంతస్తులో. మెట్ల మధ్యలో ఆగి నోటీసు బోర్డు చదువుతూ నిలబడింది. ఈ భవనంలో నోటీసులు చదివే మనిషి తనొక్కతే. చదువుతూ చదువుతూ గోడకి చెయ్యి ఆనించింది. నేను పైనుంచి "ఏమే, బట్టీ పడుతున్నావా?" అని అరిచాను.

సెప్టెంబర్ 30

మూడోసారి కట్టింది. అదే ఏటవాలు. ఇవాళ మొదటిసారి తన కళ్ళలో నీళ్ళు చూశాను. నేనెన్నోసార్లు చూడాలనుకున్న దృశ్యం. చూశాక ఏమాత్రం బాగాలేదు.

ఏదో ఒకటి చెయ్యాలి. నాకు చేతనైంది ప్రోగ్రామే.

అక్టోబర్ 6

చేసేశాను. గాల్లో తేలుతున్నాను.

ఆలోచన చాలా సులువు. మంచి బీట్లు పుస్తకంలో బొమ్మలాగే ఉన్నాయి కదా. నేను రాసిన ఫిల్టర్ ప్రోగ్రాం వచ్చే ప్రతి బీట్‌నీ ఆ బొమ్మతో పోల్చి చూస్తుంది. కలిస్తే ఉంచుతుంది, కలవకపోతే చెత్త కింద లెక్కగట్టి పారేసి, ఆ చోట పక్క బీట్‌ని అతికిస్తుంది. తెర మీద ఇప్పుడు గీత కడిగిన ముత్యంలా ఉంది.

మేడమ్ చూసి, ఎవరు రాశారని అడిగారు. చన్నీళ్ళు నావైపు వేలు చూపించింది. మేడమ్ నా భుజం తట్టి, చాలా రోజుల తర్వాత ల్యాబ్‌లో ఇంత చక్కటి గీత చూశానన్నారు. నాలుగేళ్ళలో మేడమ్ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. నాకంటే చన్నీళ్ళే ఎక్కువ పొంగిపోయింది. క్యాంటీన్లో కనిపించిన ప్రతివాళ్ళకీ "నా బోర్డు పరువు కాపాడింది ఇదే" అని చెప్పింది. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మకి ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా పక్కింటావిడకి చెప్పడానికి పరిగెత్తింది.

అక్టోబర్ 7

మేడమ్ ఇవాళ వేరే క్లాసు వాళ్ళని తీసుకొచ్చి నా ఫిల్టర్ చూపించారు.

అక్టోబర్ 21

చన్నీళ్ళు తమ్ముణ్ణి కాలేజీలో చేర్పించాలని ఇంటికి వెళ్ళింది. పరీక్షకి మనిషి లేదు కాబట్టి మొదటిసారి ఎలక్ట్రోడ్లు నేనే పెట్టుకున్నాను. ముందు ఫిల్టర్ లేకుండా చూద్దామని దాన్ని ఆపేశాను.

ఏటవాలు లేదు. ఎంతసేపు చూసినా ఒక్కటీ లేదు.

బోర్డు దానంతటదే బాగుపడినట్టుంది. తడి ఆరిందేమో. తను వస్తే సంతోషిస్తుంది.

అక్టోబర్ 25

తను వచ్చింది. ఫిల్టర్ ఆపి తగిలించాను. ఏటవాలు ఉంది. బోర్డు మళ్ళీ పాడైంది.

అక్టోబర్ 26

ఎలక్ట్రోడ్లు పాతబడ్డాయి. అదే కారణం. కచ్చితంగా అదే.

అక్టోబర్ 27

కొత్త ఎలక్ట్రోడ్లు. ఉంది.

అక్టోబర్ 28

తను క్లాసులో ఉన్నప్పుడు పక్క జంటని పిలిచి ఇద్దరికీ తగిలించాను. లేదు. నాకు మళ్ళీ తగిలించుకున్నాను. లేదు.

మనిషి మారితే మార్పు బోర్డు వల్లో మనిషి వల్లో తెలియదని చెప్పిన మేధావిని నేనే కదా.

లైబ్రరీకి వెళ్ళాను. మేము చదివే పుస్తకం కాదు, మెడిసిన్ వాళ్ళు చదివేది. బొమ్మ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఖాళీ ఉండదు, శిఖరం మొదట్లో ఏటవాలు. కింద రాసింది రెండుసార్లు చదివాను. కొందరికి పుట్టుకతోనే గుండెలో కరెంటుకి ఒక అదనపు దారి ఉంటుంది. ఉన్నట్టుండి గుండె విపరీతమైన వేగంతో కొట్టుకుంటుంది, ఉన్నట్టుండి ఆగి మామూలైపోతుంది. చాలామందికి ఏమీ కాదు. అరుదుగా కొందరి విషయంలో ప్రాణం మీదికొస్తుంది. అలా వచ్చినప్పుడు ముఖానికి చన్నీళ్ళు తగిలిస్తే వేగం తగ్గవచ్చు.

పుస్తకం మూసేశాను.

నేను డాక్టర్ని కాదు. ఒక బొమ్మ చూసి అన్నీ ఊహించుకోకూడదు. నవంబర్ 3న ప్రాజెక్టు ప్రదర్శన. బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, నా ఫిల్టర్ గురించి మేడమ్ వాళ్ళకి ముందే చెప్పారట. ఇప్పుడు చెప్పి తనని కంగారు పెట్టడం దేనికి? ప్రదర్శన అయ్యాక చెప్తాను. ఇన్నేళ్ళు ఏమీ కాలేదు కదా. తన మంచికే.

అక్టోబర్ 29, పొద్దున్న

తన మంచికే అని రాసింది నేనేనా? చదువుకుంటే సిగ్గుగా ఉంది. ఆ ఫిల్టర్ తప్ప నాకంటూ ఏమీ లేదని భయం. ఉన్నదున్నట్టు రాస్తే అంతే.

అక్టోబర్ 29, సాయంత్రం

మధ్యాహ్నం క్లాసులో తను లేచింది. వరండా వైపు నడిచింది. ఎవరో వెనక నుంచి "చన్నీళ్ళు" అని దీర్ఘం తీశారు, నవ్వులు. నేనూ లేచి వెనకే పరిగెత్తాను. లెక్చరర్ ఏదో అన్నారు, వినిపించలేదు.

కొళాయి పట్టుకుని వంగి ఉంది. తన మణికట్టు పట్టుకున్నాను. నాడి లెక్కపెట్టడానికి కుదరలేదు, నా వేళ్ళ కింద ఒకటే పరుగు. తను ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటోంది. కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి నా వేళ్ళ కింద ఒక చిన్న ఆగుడు, తర్వాత మామూలుగా, నెమ్మదిగా. "గుండె ఆగినంత పనైంది" అని ఇక్కడ రాసి కొట్టేశాను. ఆ మాట ఇక వాడను.

ఎన్నేళ్ళ నుంచి అని అడిగాను. చిన్నప్పటి నుంచి అంది. అందరికీ వస్తుందనుకుందట. గుండె గంతులేస్తోందంటే వాళ్ళ నాన్న ముఖం కడుక్కోమనేవాడట, కడుక్కుంటే తగ్గేది, అందుకని ఎవరికీ చెప్పలేదు.

అక్కడే మెట్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. నా మీద పరీక్షించింది, పక్క జంట మీద పరీక్షించింది, లైబ్రరీ, బొమ్మ. నిన్న తెలిసి నిన్న చెప్పకపోవడం కూడా. నా ఫిల్టర్ పారేస్తున్నది చెత్త కాదు, నీ జబ్బు అని చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"అయితే బోర్డు తప్పు కాదన్నమాట" అంది.

నాకు అర్థం కాలేదు. తను నా రెండు చేతులూ పట్టుకుంది. ముఖమంతా తడిగా ఉంది, నవ్వుతోంది.

"మూడుసార్లు కట్టానే దాన్ని. నా చేతులు పాడైపోయాయనుకున్నాను. అది మొదటి రోజు నుంచీ నిజమే చూపిస్తోంది."

నేను ఏడ్చేశాను. జబ్బు తనది, బోర్డు తనది, ఓదార్పు మాత్రం నాకు. తర్వాత, రేపు ఆసుపత్రికి వెళ్ళడానికి సర్దుకుందామని వస్తే హాస్టల్ గది తాళం తియ్యడానికి తనకి చేత కాలేదు. అంత నిలకడైన వేళ్ళు, తాళంచెవి రంధ్రంలో పెట్టలేకపోయాయి. నేను తీసుకుని తీశాను.

అక్టోబర్ 30

గుండె డాక్టరు పెద్ద మెషిన్ మీద ఈసీజీ తీయించారు. కాగితం మీద అదే ఏటవాలు, మా తెర మీద ఉన్నట్టే. డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. కరెంటుకి ఉండాల్సిన దారి ఒకటి, ఈ అమ్మాయికి పక్కనుంచి ఇంకో అడ్డదారి ఉంది. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నటి తీగ పంపి ఆ అడ్డదారిని కాల్చి మూసేస్తారు. సాధారణంగా నయమైపోతుంది. అలా వదిలేయడం మాత్రం మంచిది కాదు, వేగం అదుపు తప్పితే మనిషి అక్కడికక్కడే పడిపోవచ్చు.

చన్నీళ్ళు తేరుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. తీగ చివర ఎలక్ట్రోడ్లు ఎన్ని, వేడి ఎంత దాకా పోతుంది, అడ్డదారి ఎక్కడుందో ఎలా కనిపెడతారు. "నువ్వు వైద్యానికొచ్చావా, నన్ను ఇంటర్వ్యూ చెయ్యడానికొచ్చావా?" అన్నారు డాక్టరుగారు. మా బోర్డు చూపించమని అడిగారు. గీత చూసి, మీరు చూపిస్తున్నది సరైనదే, ఎవరు కట్టారని అడిగారు. ఈసారి వేలు చూపించింది నేను.

నవంబర్ 1

మేడమ్‌కి చెప్పాను. ఫిల్టర్ తీసేస్తున్నానని కూడా. ఎంతమంది మీద పరీక్షించావని అడగాల్సింది నేను, అడగకుండా మెచ్చుకున్నాను అన్నారు. ప్రదర్శనకి ఇక చూపించడానికి ఏముందని అడిగారు.

గదికొచ్చి చన్నీళ్ళకి చెప్పాను. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తోంది. ఫిల్టర్ తీసెయ్యొద్దంది.

"పారేసేవి పారెయ్యకు. వాటిని పక్కన ఇంకో గీతలో పెట్టు. చూసేవాళ్ళు ముందు దాన్నే చూడాలి."

మార్చింది కొద్ది వరుసలే. ఈ మనిషి బుర్రకి నేను దణ్ణం పెట్టాలి.

నవంబర్ 3

ప్రదర్శన. చన్నీళ్ళకి ఆసుపత్రిలో పరీక్షలు, రాలేదు. ముందే రికార్డు చేసిన తన గీత రెండు వరుసల్లో తెర మీద వేశాను. పైన పుస్తకంలాంటి బీట్లు, కింద మేము చెత్త అనుకున్నవి. మేము ఏం అనుకున్నామో, ఏం పారేశామో వరసగా చెప్పాను. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, ఈ గుండె ఎవరిదని అడిగారు. బోర్డు కట్టిన అమ్మాయిదని చెప్పాను. తను నాకు తెలిసిన అందరిలోకీ గొప్ప ఇంజినీరని కూడా చెప్పాను. అది ప్రాజెక్టులో భాగం కాదు, అయినా చెప్పాను.

నవంబర్ 12

ఇవాళ చికిత్స చేశారు. తలుపు బయట బెంచీ మీద నేనూ చన్నీళ్ళ నాన్నా. ఆయన బస్సు డ్రైవరు, యూనిఫాంలోనే వచ్చేశారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు.

"అదేదో భయమనుకుని ముఖం కడుక్కోమనేవాణ్ణి తల్లీ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది" అన్నారు.

ఆ చన్నీళ్ళే ప్రతిసారీ ఆపాయని పుస్తకంలో ఉందని చెప్పాను. నమ్మలేదు. డాక్టరుగారు బయటికొచ్చి అంతా బాగా జరిగిందన్నాక, వాళ్ళ నాన్న చేత ఆయన్నే అడిగించాను. చన్నీళ్ళు పనిచేస్తాయండీ, మీరు చెప్పింది మంచిదే అన్నారాయన. వాళ్ళ నాన్న అప్పుడు ఏడ్చారు, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని.

సాయంత్రం లోపలికి పోనిచ్చారు. పాలిపోయి ఉంది, మెలకువగానే ఉంది. మొదటి మాట "బోర్డు తెచ్చావా?" అని. తెచ్చాను. నర్సుగారు కసురుకున్నారు, డాక్టరుగారు పోనిమ్మన్నారు. ఎలక్ట్రోడ్లు నేనే పెట్టాను. పై వరుసలో బీట్లు ఒకదాని వెనక ఒకటి, బుడిపె, ఖాళీ, శిఖరం. కింది వరుస ఖాళీ. ఎంతసేపు చూసినా ఖాళీ. తను తల తిప్పి చూసి, "ఎంత బోరుగా ఉందే" అంది. వాళ్ళ నాన్నకి ఏమీ అర్థం కాలేదు, నేను పగలబడి నవ్వడం చూసి ఆయనా నవ్వారు.

నవంబర్ 26

తను క్లాసుకి వచ్చిన మొదటి రోజు. అందరూ చప్పట్లు కొట్టారు. చన్నీళ్ళు అని పిలవడం మానేద్దామని నేను ముందే అందరికీ చెప్పి ఉంచాను. ఎవరికీ అసలు పేరు నోరు తిరగలేదు, తనకే విసుగొచ్చి, పాత పేరుతోనే పిలవండి అంది.

మధ్యాహ్నం లెక్కల క్లాసు. సగంలో తను లేచింది. వరండా వైపు వెళ్ళింది.

బెంచీ తన్నుకుంటూ పరిగెత్తాను. కొళాయి దగ్గర వంగి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటోంది. మణికట్టు పట్టుకున్నాను. వెతికాను. నాడి దొరికింది. నెమ్మదిగా, నిదానంగా, ఏ తొందరా లేకుండా కొట్టుకుంటోంది.

తను తల ఎత్తి నన్ను చూసింది. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నిద్రొస్తోందే" అంది. "నిజంగా నిద్రే."

సరేనన్నాను. చెయ్యి మాత్రం క్లాసుదాకా వదల్లేదు.